సెట్టు కుదరాలంటే ముందు చిగురు కుదరాలి

పెద్దవాళ్లున్న చాలా ఇళ్లలో బాత్రూం అద్దం దగ్గరో, మంచం పక్కనో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. డబ్బాలో నీళ్లు, నీళ్లలో పళ్లసెట్టు. పెళ్లికి వెళ్లేటప్పుడో, చుట్టాలు వచ్చినప్పుడో అది నోట్లోకి వెళ్తుంది. విస్తరి ముందు కూర్చోగానే తీసి జేబురుమాల్లో చుట్టేస్తారు. కింది సెట్టు గుచ్చుకుంటుంది, పైది మాట్లాడుతుంటే జారుతుంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నొక్కుతున్న చోట కాస్త అరగదీసి ఇస్తారు. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ అదే చోట పుండు పడుతుంది.

కొన్నిసార్లు లోపం నిజంగా సెట్టులోనే ఉంటుంది. కొలత సరిగ్గా రాకపోవచ్చు, పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరు కుదరకపోవచ్చు. కానీ ఎన్నిసార్లు అరగదీసినా అదే చోట గుచ్చుకుంటుంటే చూడాల్సింది సెట్టును కాదు. అది కూర్చునే చిగురును, ఆ చిగురు కింది ఎముకను చూడాలి. గుంతలు పూడ్చకుండా, రాళ్లు ఏరకుండా గచ్చు పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది.

ఈ నేలను సరిచేసే ఆపరేషన్లన్నిటినీ కలిపి డెంటల్ కాలేజీల్లో ప్రీ ప్రోస్థెటిక్ సర్జరీ అంటారు. పేరు వినగానే టెన్షన్ పడాల్సిన పనిలేదు. వీటిలో ఎక్కువ భాగం మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పళ్ల డాక్టరు కుర్చీలోనే చేసేవి. అసలు ఇబ్బంది ఆపరేషన్‌తో కాదు, అది గుర్తొచ్చే సమయంతో. పళ్లన్నీ పీకించుకుని, సెట్టు కట్టించుకుని, అది గుచ్చుకోవడం మొదలయ్యాక ఈ మాట వస్తుంది. నిజానికి ఇది మొదటి పన్ను పీకకముందే జరగాల్సిన చర్చ.

ఎందుకంటే పన్ను చుట్టూ ఉండే ఎముక పన్ను కోసమే ఉంటుంది. పన్ను పోయాక శరీరానికి దానితో పనిలేదు, మెల్లగా కరిగించేసుకుంటుంది. మొదటి ఆరు నెలల్లో ఈ కరుగుదల అన్నిటికన్నా వేగంగా ఉంటుంది. పన్ను ఉన్న చోట ఎముక వెడల్పు ఏడాది తిరిగేసరికి సగం దాకా తగ్గిపోవచ్చు. ఆ తర్వాత వేగం తగ్గుతుంది గానీ ఆగదు. పళ్లసెట్టు వాడేవారిని పాతికేళ్లపాటు గమనించి టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ప్రచురించిన ఫలితాల్లో ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది: కింది దవడ ముందు భాగం పై దవడ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరిగిపోయింది. పై సెట్టుతో ఎలాగో సర్దుకుపోయేవాళ్లు కింది సెట్టుతో అవస్థ పడటానికి ఇదొక కారణం. పై సెట్టుకు అంగిలి మొత్తం ఆసరా ఉంటుంది, గాలి చొరబడకుండా అతుక్కుంటుంది. కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, దానికి ఆనుకునే చోటు పైదానిలో దాదాపు సగమే. పైగా మధ్యలో నాలుక ఒక్క క్షణం ఊరుకోదు.

కాబట్టి పీకే రోజున ఏం చేస్తారన్నది చాలా ముఖ్యం. వరుసగా నాలుగైదు పళ్లు తీశాక చిగురు పైకి మామూలుగానే కనిపిస్తుంది. డాక్టరు గ్లవ్ వేసుకున్న చూపుడువేలిని దానిమీద మెల్లగా నడిపిస్తే మాత్రం అసలు సంగతి తెలుస్తుంది. ఒక్కో పన్ను ఉన్న గుంతకూ, పక్క గుంతకూ మధ్య పల్చటి ఎముక అడ్డుగోడ నిలబడి ఉంటుంది. వేలికి రంపపు పళ్లలా తగులుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే చిగురు దానిమీద దుప్పటిలా కప్పుకుంటుంది. రేపు సెట్టు పైనుంచి నొక్కినప్పుడు ఆ సన్నటి చర్మం కింద సూదిమొనలకూ, పైన గట్టి ప్లాస్టిక్‌కూ మధ్య నలుగుతుంది. పుండు పడేది అక్కడే.

దీన్ని సరిచేసే పనికి ఆల్వియోలోప్లాస్టీ అని పేరు. చిగురును కొద్దిగా విడదీసి, మొనదేలిన అంచులను కొరికే పట్టకారు లాంటి పనిముట్టుతో తీసి, ఆకురాయి లాంటి చిన్న పరికరంతో నున్నగా రాస్తారు. సెలైన్‌తో బాగా కడుగుతారు, ఎందుకంటే కాస్త ఎముక రజను చిగురు కింద మిగిలినా గాయం మానడం ఆలస్యమవుతుంది. తర్వాత చిగురును తిరిగి కప్పి, కుట్లు వేయకముందే మరోసారి వేలితో తడుముతారు. కంటికి నున్నగా కనిపించింది వేలికి గరుకుగా తగలవచ్చు. ఇక్కడ వేలు చెప్పిందే లెక్క. అప్పుడు కుట్లు పడతాయి. ఒకటి రెండు పళ్లే తీసిన చోట ఇంత కూడా అక్కర్లేదు. రెండు వేళ్లతో చిగురును రెండు వైపులా నొక్కితే గుంత గోడలు సర్దుకుంటాయి. అయితే ఆ చోట రేపు ఇంప్లాంట్ (పంటికి ఆసరాగా ఎముకలో బిగించే స్క్రూ) వేయించుకునే ఉద్దేశం ఉంటే గట్టిగా నొక్కకపోవడమే మేలు, ఆ వెడల్పు తర్వాత పనికొస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటి ఇక్కడుంది. ఎముకను నున్నగా చేయడం వేరు, అందంగా చేయడం వేరు. ఎలాగూ చేయి పెట్టాం కదా అని ఇంకాస్త, ఇంకాస్త తీసేస్తే వరుస చూడముచ్చటగా వస్తుంది గానీ ఎత్తు పోతుంది. తీసిన ఎముక తిరిగి రాదు. తీయకపోయినా కాలం ఎలాగూ తీసుకుంటుంది. కాబట్టి గుచ్చుకునేదాన్ని మాత్రమే తీసి మిగతాది వదిలేసే డాక్టరు పని తెలిసిన డాక్టరు. పై దవడ వెనక కొసలు రెండు పక్కలా ఉబ్బి, సెట్టు లోపలికి వెళ్లడానికి అడ్డొస్తున్నాయనుకుందాం. రెండూ కోయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఒక పక్క సరిచేస్తే చాలు, సెట్టును ఏటవాలుగా రెండో పక్కనుంచి ఎక్కించుకోవచ్చు. కోయకుండా వదిలేసిన ఆ ఉబ్బే సెట్టుకు పట్టునిస్తుంది.

అంగిలి మధ్యలో గట్టి బుడిపె తగిలి కేన్సరేమోనని హడలిపోయి వచ్చేవాళ్లుంటారు. టోరస్ అనే ఈ ఎముక పెరుగుదల కేన్సర్ కాదు, కేన్సర్‌గా మారదు. చాలా ఏళ్లుగా మెల్లగా పెరుగుతూ ఉండి ఉంటుంది, పళ్లున్నంతకాలం ఎవరూ గమనించరు. పళ్లసెట్టు మాట వచ్చినప్పుడే నలుగురి కళ్లలో పడుతుంది. పై దవడలో చిన్నదైతే దాని జోలికి వెళ్లక్కర్లేదు, సెట్టు లోపలి వైపు ఆ మేరకు ఖాళీ ఉంచితే సరిపోతుంది. అంగిలి వెనక భాగం దాకా పాకి గాలి బిగింపును చెడగొడుతున్నా, మరీ పెద్దదై సెట్టు దానిమీద తూగుడు బల్లలా ఊగుతున్నా, పైచర్మం మాటిమాటికీ పుండు పడుతున్నా అప్పుడు తీయాలి. ఒక్కసారిగా ఉలి పెట్టి లేపేయరు. డ్రిల్లుతో గాట్లు పెట్టి ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్కటే తీస్తారు. కారణం ఉంది. ఆ ఎముకకు పైన ఉన్నది ముక్కు లోపలి నేల. తొందరపడితే నోటికీ ముక్కుకూ దారి పడుతుంది. ఆపరేషన్ అయ్యాక ముందే చేయించి పెట్టుకున్న ప్లాస్టిక్ పలకను అంగిలికి ఆనించి ఉంచుతారు. లేకపోతే చర్మం కింద రక్తం చేరి గాయం విచ్చుకుంటుంది. కింది దవడలో నాలుక వైపు వచ్చే బుడిపెల సంగతి వేరు. వాటిమీద చర్మం ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది, సెట్టు అంచు సరిగ్గా అక్కడే ఆనుతుంది. వాటిని తీయకుండా నెట్టుకురావడం కష్టం.

ఎముక తర్వాత కండ. అద్దం ముందు నిలబడి పై పెదవిని ఎత్తిచూస్తే మధ్యలో చిగురునూ పెదవినీ కలుపుతూ చిన్న తీగలాంటి కండ కనిపిస్తుంది. కొందరికి అది చిగురు అంచు దాకా దిగి ఉంటుంది. నవ్వినా మాట్లాడినా సెట్టును కిందికి లాగేస్తుంది. దానికి చోటివ్వడం కోసం సెట్టు ముందు భాగంలో లోతైన గాడి కోస్తే ఆ గాడి దగ్గరే సెట్టు రెండుగా విరుగుతుంది. మాటిమాటికీ మధ్యలో పగిలే పై సెట్టును అతికించి ఇచ్చేముందు ఈ తీగను ఒకసారి చూడటం మంచిది. కత్తితోనో లేజర్‌తోనో దీన్ని విడదీయడం చిన్న పని. నాలుక కింద ఉండే తీగ బిగుసుగా ఉన్నా ఇదే కథ, నాలుక కదిలినప్పుడల్లా కింది సెట్టు లేచిపోతుంది.

పాత సెట్టు వదులైపోయినా ఏళ్లతరబడి అలాగే వాడేవారిలో మరో రకం ఇబ్బంది కనిపిస్తుంది. సెట్టు అంచు ఒరుసుకుని ఒరుసుకుని పెదవి లోపలి వైపు కండ మడతలు మడతలుగా పెరుగుతుంది. పుస్తకం తెరిచినట్టు రెండు మడతలు, మధ్యలో సెట్టు అంచు కూర్చుని ఉంటుంది. చూడగానే కోసేయాలనిపిస్తుంది. కానీ దీనికి మొదటి మందు కత్తి కాదు, సెట్టును పక్కన పెట్టడం. రెండు మూడు వారాలు సెట్టు పెట్టుకోకుండా ఉంటేనో, అంచు తగ్గించి లోపల మెత్తటి పూత వేయిస్తేనో వాపు చాలావరకు దిగుతుంది. అప్పటికీ మిగిలిన గట్టి మడతను కోస్తారు. కోసిన ముక్కను పారేయకూడదు, బయాప్సీకి పంపాలి. ఒరుపిడి వల్ల పెరిగిన కండ అనుకున్నది అరుదుగా మరొకటి కావచ్చు.

ఈ బయాప్సీ మాట మన ఉత్తరాంధ్ర తీరానికి మరీ ముఖ్యం. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో, ఎక్కువగా ఆడవాళ్లలో అడ్డపొగ తాగే అలవాటు ఎప్పటినుంచో ఉంది. చుట్ట నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుంటారు కాబట్టి ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబారడం, ఎర్రటి మచ్చలు, గరుకుదనం, చివరికి కేన్సర్ దాకా వెళ్లే మార్పులు వీరిలో కనిపిస్తాయని ఎన్నో దశాబ్దాలుగా పరిశోధనలున్నాయి. పై సెట్టు సరిగ్గా ఆ అంగిలినే కప్పేస్తుంది. అనుమానం ఉన్న మచ్చను పరీక్షించకుండా దానిమీద సెట్టు పెడితే ఆ తర్వాత రోజూ దాన్ని చూసేవాళ్లు ఉండరు. గుట్కా నమిలేవారిలో ఇంకో చిక్కు. బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. సెట్టు కుదరడం సంగతి తర్వాత, కొలత తీసే ట్రే కూడా లోపలికి వెళ్లదు.

పైన పూర్తి సెట్టు, కింద ముందుపళ్లు మాత్రం సొంతవి. ఇలా ఉన్నవారిలో కింది పళ్లు పైచిగురు ముందు భాగాన్ని పొడుస్తూ ఉంటాయి. లోపల ఎముక కరిగిపోయి, మెత్తటి కండ మాత్రం మిగులుతుంది. వేలితో నొక్కితే చెవి తమ్మెలా అటూ ఇటూ ఊగుతుంది. 1972లో కెల్లీ అనే డాక్టరు ఈ తీరును వివరించారు. ఊగే కండను కోసేయాలా వద్దా అన్నదానిపై డాక్టర్లలో ఇప్పటికీ రెండు అభిప్రాయాలున్నాయి. కోస్తే గట్టి నేల దొరుకుతుంది, కానీ ఉన్న కాస్త ఎత్తూ పోతుంది. ఎముక బాగా అరిగిన వృద్ధుల్లో కోయకుండా, ఆ కండ నలగని పద్ధతిలో కొలత తీసుకోవడమే తెలివైన పని అనిపిస్తుంది.

ఎముక మరీ అరిగిపోయిన కింది దవడలో మరో బాధ ఉంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ పక్కనుంచి బయటికి వస్తుంది. ఎముక ఎత్తు తగ్గేకొద్దీ ఆ రంధ్రం పైకి తేలినట్టయి, చివరికి సెట్టు కిందికే వచ్చేస్తుంది. అప్పుడు నమిలినప్పుడల్లా పెదవికి షాక్ కొట్టినట్టుంటుంది. రెండు దవడలూ ఒకే ఫిల్ములో పడే ఓపీజీ ఎక్స్‌రే తీస్తే ఇది కనిపిస్తుంది. చిగురు కింద మిగిలిపోయిన పంటి వేర్లు, బయటికి రాని జ్ఞానదంతాలు కూడా అందులోనే బయటపడతాయి. ఆ ఎక్స్‌రే లేకుండా పూర్తి సెట్టుకు కొలతలు ఇవ్వకపోవడం మంచిది.

ఇలా అరిగిపోయిన దవడల కోసం ఒకప్పుడు చాలా పెద్ద ఆపరేషన్లు చేసేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు చికిత్స చేసి పేరు తెచ్చుకున్న కజాంజియాన్ అనే సర్జన్ 1924లో పెదవికీ చిగురుకూ మధ్య లోయను లోతు చేసే పద్ధతిని వివరించారు. ఎముక ఎత్తు పెంచలేకపోయినా చుట్టూ ఉన్న కండను కిందికి దించితే సెట్టుకు పట్టు దొరుకుతుందన్నది ఆలోచన. తర్వాత తొడ చర్మం తెచ్చి అతికించారు, పక్కటెముక ముక్కలు తెచ్చి దవడమీద అమర్చారు. లోతు చేసిన లోయ మెల్లగా పూడిపోయేది, అతికించిన ఎముక సెట్టు ఒత్తిడికి మళ్లీ కరిగిపోయేది. రోగి పడిన కష్టానికి దక్కిన ఫలితం తక్కువ.

ఈ లెక్కను మార్చింది ఇంప్లాంట్. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి ఒక రోగి దవడలో టైటానియం స్క్రూలు అమర్చారు. టైటానియంతో ఎముక గట్టిగా కలిసిపోతుందన్న ఆయన మాటను లోకం నమ్మడానికి మరో పదిహేను, ఇరవై ఏళ్లు పట్టింది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు ఒక మాట తేల్చారు: పళ్లు లేని కింది దవడకు మొదట ఆలోచించాల్సింది మామూలు సెట్టు కాదు, రెండు ఇంప్లాంట్లమీద ప్రెస్ బటన్‌లా బిగుసుకునే సెట్టు. మన దగ్గర ఖర్చు దృష్ట్యా అందరికీ అది అందదు. అయినా కింది సెట్టుతో ఏళ్లుగా బాధపడుతున్నవారికి ఈ దారి ఉందని చెప్పడం డాక్టరు బాధ్యత. దవడ నిండా ఇంప్లాంట్లు అక్కర్లేదు, ముందు వైపు రెండు చాలు అన్న సంగతి తెలిస్తే వెనకాడేవాళ్లలో కొందరైనా ముందుకొస్తారు.

అంతకన్నా చవకైన ఉపాయం ఒకటుంది, దాన్ని వాడాల్సినంత వాడటం లేదు. "ఎలాగూ అన్నీ పోయాయి, ఈ రెండూ కూడా పీకేయండి" అని రోగి అంటారు, డాక్టరు పీకేస్తారు. ఆ రెండు గట్టిగా ఉన్న కోరపళ్లయితే పీకడం నష్టం. రూట్ కెనాల్ చేసి, పన్నును చిగురుమట్టానికి కాస్త పైన కోసి, వేరును లోపలే ఉంచి దానిమీద సెట్టు కట్టవచ్చు. వేరు ఉన్నంతకాలం దాని చుట్టూ ఎముక నిలుస్తుంది. 1978లో క్రమ్, రూనీ ప్రచురించిన అయిదేళ్ల పరిశీలనలో కింది కోరపళ్ల వేర్లు ఉంచుకున్నవారికి ఆ చోట 0.6 మిల్లీమీటర్ల ఎముక తగ్గితే, అన్నీ పీకించుకుని మామూలు సెట్టు పెట్టుకున్నవారికి 5.2 మిల్లీమీటర్లు తగ్గింది. పీకకుండా ఆగడం కూడా నోటిని సిద్ధం చేయడంలో భాగమే. ఒకటే షరతు, ఆ వేర్లను రోజూ బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి, లేకపోతే పుచ్చిపోతాయి.

పక్క పళ్లను ఆసరా చేసుకుని కట్టే బ్రిడ్జి విషయంలో సమస్య ఇంకో రూపంలో వస్తుంది. ఆసరాగా వాడుకోవాల్సిన పన్ను చిగురు దాకా విరిగిపోయి ఉంటే క్యాప్ దేన్ని పట్టుకుని నిలవాలి? క్యాప్ అంచును చిగురు లోపలికి లోతుగా దించేస్తే ఆ చిగురు ఎప్పుడూ ఎర్రగా, ముట్టుకుంటే రక్తం కారుతూ ఉంటుంది. ఎముక అంచుకూ క్యాప్ అంచుకూ మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల పన్ను ఉండాలి, ఆ చోటు చిగురుది. అది లేనప్పుడు చిగురునూ కొద్దిగా ఎముకనూ వెనక్కి జరిపి పన్నును పొడవు చేస్తారు. దీన్నే క్రౌన్ లెంథెనింగ్ అంటారు. బ్రిడ్జి మధ్యలో వేలాడే పన్ను కింద చిగురు గుంతపడి ఉంటే అక్కడ నల్లటి సందు కనిపిస్తుంది, అన్నం ఇరుక్కుంటుంది. ముందుపళ్లయితే ఈ గుంతను పక్కనుంచి తెచ్చిన చిగురుతోనో, ఎముక పొడితోనో నింపాల్సి వస్తుంది. పన్ను పీకిన రోజే ఆ గుంతలో ఎముక పొడి నింపి ఉంటే ఈ పని చాలావరకు తప్పుతుంది.

వీటిలో ఏది చేయించుకున్నా కుర్చీ ఎక్కేముందు మందుల చీటీలన్నీ డాక్టరుకు చూపించాలి. ఎముకలు గుల్లబారాయని వారానికొకటి వేసుకునే మాత్ర, ఏడాదికొకసారి ఎక్కించుకునే ఇంజెక్షన్ చాలామందికి మందుగానే గుర్తుండవు. ఆ రకం మందుల వల్ల దవడ ఎముక మానకుండా బయటపడి ఉండిపోయే ప్రమాదం ఉందని 2003 నుంచి తెలుసు. కేన్సర్‌కు ఇచ్చే మోతాదుల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. దవడకు రేడియేషన్ తీసుకున్నవారికీ ఇదే భయం. రక్తం పల్చబడే మందులు వాడేవారు సొంతంగా ఆపేసి రాకూడదు. చిన్న ఆపరేషన్లకు చాలాసార్లు ఆపాల్సిన పనే ఉండదు, ఆపితే గుండెకు ముప్పు. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, కాబట్టి ముందు దాని సంగతి చూసుకోవాలి.

ఇక అందరూ అడిగే ప్రశ్న, ఎన్నాళ్లు పడుతుందని. మనవరాలి పెళ్లి ముహూర్తం పెట్టుకుని, ఇరవై రోజుల ముందు పళ్లు పీకించుకోవడానికి వచ్చేవాళ్లుంటారు. పెదవి తీగ విడదీయడం లాంటి కండ పనులకు మూడు నాలుగు వారాలు, ఎముక రాసి నున్నగా చేసిన చోట నెల, నెలన్నర ఆగాకే కొలతలు తీయడం మంచిది. క్రౌన్ లెంథెనింగ్ తర్వాత వెనకపళ్లకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ముందుపళ్లకు మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఎముక పొడి నింపితే నాలుగు నుంచి ఆరు నెలలు. ముహూర్తం ఆగదు కాబట్టి దానికొక మార్గం ఉంది. పళ్లు ఉండగానే కొలతలు తీసి సెట్టు సిద్ధం చేసుకుని, పీకిన రోజే పెట్టేస్తారు. మొదటి 24 గంటలు దాన్ని తీయకూడదు. తీస్తే వాపు వల్ల మళ్లీ ఎక్కదు. మర్నాడు డాక్టరే తీసి, ఎక్కడ నొక్కిందో చూసి సరిచేస్తారు. ఎముక కరిగేకొద్దీ అది వదులవుతుంది, మధ్యమధ్యలో లోపల పూత వేయించుకోవాలి, ఆరు నెలలకో ఏడాదికో కొత్తది కట్టించుకోవాలి. ఈ రెండో ఖర్చు సంగతి మొదటి రోజే చెప్పాలి. లేకపోతే పెళ్లిలో బాగున్న సెట్టు దసరాకల్లా వదులైపోయినప్పుడు ఇంట్లోవాళ్లు డాక్టరును తప్పుపడతారు, సెట్టు మళ్లీ డబ్బాలోకి వెళ్తుంది.